ఆకుపచ్చ కొండ

ఆరింటి బస్సుకి నిదియాని ఎక్కించి ఇంటికొచ్చాక ఎరిబెర్తోకి కుర్చీలో నిలకడ దొరకలేదు. రేకుల మీద వాన. నిన్న సాయంత్రం పట్టుకున్నది తెల్లారినా వదల్లేదు. కూతురికి ఎనిమిదో నెల. రక్తపోటు పెరిగిపోతోందని, మధ్యాహ్నం లోపల పట్నం ఆసుపత్రిలో చేరకపోతే తల్లికీ బిడ్డకీ పూచీ లేదని ఊరి నర్సు చీటీ రాసిచ్చింది. నిదియా పాదాలు చెప్పుల్లో పట్టలేదు. బస్సు మెట్టు ఎక్కించడానికి ఇద్దరు చెరోవైపు పట్టుకోవాల్సి వచ్చింది.

"నేనూ వస్తానే," అన్నాడు ఎరిబెర్తో.

"వద్దు నాన్నా. నువ్వు పక్కన కూచుంటే నాకు అమ్మే కనిపిస్తుంది. పిన్ని బస్టాండుకి వస్తానంది కదా." ఎక్కేముందు ఫోన్ ఎత్తి చూపించింది. "ఇదిగో, దారి తెరిచే ఉంది. చూసుకున్నావుగా. ఇక పో."

తెరనిండా ఆకుపచ్చ కొండ. దాని కింద ఒకే మాట: తెరిచి ఉంది.

ఆ కొండ ఎరిబెర్తో గీసిందే. ఆ పేజీ అతనిదే.

యాభై ఏళ్లు వచ్చేదాకా అతను చెక్క బస్సులకి రంగులు వేశాడు. తమ ఊరు సాంతా కితేరియాలో తిరిగే ప్రతి బస్సు వెనకా అతని సూర్యుడో, హంసో, నిప్పుకొండో ఉండేది. ఆ బస్సులు పోయి ఇనుప బస్సులు వచ్చాక పని పోయింది. బడి ఐదో తరగతితో ఆగినవాడు పాత పుస్తకాలు ముందేసుకుని ఫోన్లలో తెరుచుకునే వెబ్ పేజీలు కట్టడం నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. అందుకే ఎవరికీ రుణపడలేదని అనుకునేవాడు.

శనివారాలు చర్చి హాల్లో ఊరి పిల్లలకి పాఠం చెప్పేవాడు. పాఠం ఎప్పుడూ తిట్లతోనే మొదలయ్యేది. "ఊళ్లో అందరికంటే పాత ఫోన్ ఎవరి దగ్గరుందో కనుక్కోండి. దాని మీద కట్టండి. మీ కొత్త ఫోన్లో అందంగా కనపడితే ఏం గొప్ప, కుక్క కూడా అద్దంలో బాగానే కనపడుతుంది. ఫోటో పెట్టకండి, గీయండి. గీతకి బరువు లేదు. ఊహ కావాలంటే ఆ పెట్టె ముందు కూచోకండి. గ్యారేజీకి పోయి బస్సు వెనకభాగం చూడండి. వానలో, దుమ్ములో, ఇరవై గజాల దూరంలో ఉన్నవాడికి అర్థమయ్యేట్టు రాసినవాడు మీ అందరికంటే మొనగాడు."

దారి కమిటీ పేజీ అడిగినప్పుడు అతను కట్టింది ఆ లెక్కనే. తెర మొత్తం ఒక బస్సు వెనకభాగం. దారి తెరిచి ఉంటే ఆకుపచ్చ కొండ. కొండచరియ పడి మూసుకుంటే అదే కొండ ఎర్రగా మండుతుంది. చదువు రానివాడికీ తెలుస్తుంది. సిగ్నల్ ఒక్క గీత ఉన్నా, అసలు లేకున్నా, తాకగానే తెరుచుకుంటుంది. మొదట్లో అడుగున చిన్న అక్షరాలతో తేదీ, గంట ఉండేవి. కొండకి అవి మచ్చలా ఉన్నాయని తీసేశాడు. రాజధాని నుంచి డిజైనర్లు ఇద్దరు వచ్చి ఆ పేజీని ఫోటో తీసుకుపోయారు. ఏదో సభలో చూపించారట. అతన్ని పిలిచినా పోలేదు. అప్పటికి రొసాల్బా పోయి నాలుగు నెలలు.

రొసాల్బా అతని భార్య. మూడేళ్ల కిందట, పేగు మెలిపడి, కడుపు పట్టుకుని ఇదే బస్సు ఎక్కింది. అతను పక్కనే ఉన్నాడు. ఎక్కేముందు పేజీ తెరిచి చూశాడు. ఆకుపచ్చ. లా ఓర్కేతా దగ్గర దారి రెండుగా చీలుతుంది. పాత దారి కొండ మీదుగా చుట్టు తిరిగి పోతుంది, రెండు గంటలు ఎక్కువ. కొత్త దారి లోయలోకి దిగుతుంది. దిగితే మళ్లీ పద్నాలుగు కిలోమీటర్ల దాకా బస్సు తిప్పడానికి చోటు లేదు. ఆ రోజు బస్సు కొత్త దారిలో దిగింది. ముందు చరియ పడి ఉంది. గంట తర్వాత వెనక ఇంకోటి పడింది. తొమ్మిది గంటలు. రొసాల్బా ఏడో గంటలో అతని భుజం మీదే పోయింది.

పేజీలో రంగు మార్చే పని సెగుండోది. లోయ అవతల దారి పనివాళ్ల శిబిరం నుంచి రేడియోలో కబురు రాగానే కొండని ఎరుపు చెయ్యాలి. నిదియాకి జ్ఞానస్నానం నాడు చేతుల్లో పట్టుకున్నవాడు, ఎరిబెర్తోని బావా అని పిలిచేవాడు. ఆ రోజు తెల్లారి అయిదింటికే ఎరుపు చేశానని సెగుండో చెప్పాడు. ఊరి సభలో ఎరిబెర్తో లేచి నిలబడి, "అబద్ధం. నా కళ్లతో చూశాను," అన్నాడు. అక్కడితో ఆగలేదు. ఇవాళ్టి కబురు రేపు చెప్పేవాడని, రేపటి సెగుండో అని పేరు పెట్టాడు. ఆ పేరు ఊరంతా అంటుకుంది. మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఆరున్నర దాటింది. ఎరిబెర్తో పాలకేంద్రం వాళ్ల పేజీ ముందు కూర్చున్నాడు. ఒక గీత గీశాడు, చెరిపాడు. బస్సు ఈపాటికి శిఖరం దాటి ఉంటుంది. శిఖరం దాటితే సిగ్నల్ లేదు. తెలిసీ రెండుసార్లు ఫోన్ చేశాడు. పలకలేదు.

బయట మోటార్‌సైకిల్ ఆగింది. తలుపు మీద అరచేత్తో బాదుతున్నారు.

తెరిస్తే సెగుండో. ఒంటికి కప్పుకున్న పోంచో నుంచి నీళ్లు కారుతున్నాయి. గుమ్మం దాటలేదు.

"నిదియాని బస్సెక్కించావా?"

"నీకెందుకు?"

"ఎక్కించావా లేదా చెప్పు!"

"ఎక్కించాను. దారి తెరిచి ఉంది."

"ఎవడు చెప్పాడు తెరిచి ఉందని? నాలుగింటికి పడింది చరియ. నాలుగూ పదికి ఎరుపు చేశాను. రొట్టెల కొట్టుకి పోతే ఆరింటి బస్సు నిండుగా పోయిందంటున్నారు, నిదియా కూడా ఉందంటున్నారు. ఎరుపు చూసీ ఎట్లా పంపించావయ్యా బిడ్డని?"

ఎరిబెర్తో మొహం గట్టిపడింది. "మళ్లీ మొదలెట్టావా? అప్పుడు తల్లి, ఇప్పుడు కూతురు. బస్సు దగ్గర నిదియా ఫోన్లో నా కళ్లతో చూశాను."

"నీ కళ్లు!" సెగుండో ఫోన్ తీసి ముందుకు చాచాడు. కొండ ఎర్రగా మండుతోంది. వేలితో పక్కకి జరిపాడు. ఒక ఫోటో. అదే ఎర్ర కొండ ఉన్న ఫోన్, పక్కన గోడ గడియారం. నాలుగూ పది. "మూడేళ్లుగా నొక్కిన ప్రతిసారీ గడియారం పక్కన పెట్టి ఫోటో తీసుకుంటున్నాను. నీ నోటికి భయపడి."

ఎరిబెర్తో తన ఫోన్ తీశాడు. కొండ గుర్తుని తాకాడు. ఆకుపచ్చ.

"చూడు," అన్నాడు.

రెండు ఫోన్లు పక్కపక్కన. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. ఒకే ఊరు, ఒకే గుమ్మం, ఒకే సిగ్నల్. సెగుండో నోరు తెరిచి రెంటినీ మార్చి మార్చి చూశాడు. ఎరిబెర్తో పేజీ మూసేశాడు. చెయ్యి తడబడి మళ్లీ తాకాడు.

ఎరుపు.

ఇంకొకడికైతే అర్థమయ్యేది కాదు. కట్టినవాడికి అర్థమైంది. తాకగానే తెరుచుకోవాలని, వాన రోజు కూడా ఖాళీ తెర కనిపించకూడదని, తాను రాసిన నాలుగు వరుసలు కళ్ల ముందుకొచ్చాయి. ఫోన్లో దాచి ఉన్న పాత పేజీ ముందు చూపించు. కొత్తది వెనకాల తెచ్చి దాచు. వచ్చేసారి అది చూపించు. అంటే మొదటిసారి తెరిచినవాడికి కనపడేది క్రితంసారి సంగతి. నిన్న పచ్చగా ఉంటే ఇవాళ కూడా పచ్చగానే. రెండోసారి తెరిస్తే గాని నిజం రాదు. బస్సెక్కే తొందరలో రెండోసారి ఎవరు తెరుస్తారు? రోజుకి పదిసార్లు తెరిచే సెగుండో తప్ప.

గంట రాసి ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవారు. గంట తీసేసింది తానే.

"ఇదేంటిది? ఇప్పుడెట్లా మారింది?" సెగుండో అడిగాడు.

"సిగ్నల్," అన్నాడు ఎరిబెర్తో. "సిగ్నల్ ఆలస్యం. పద. లా ఓర్కేతాలో ఫ్లోరెస్మీరో బస్సు టిఫిన్‌కి ఆపుతాడు. అక్కడ పట్టుకోవాలి."

"నేనొక్కణ్ణే పోయేవాణ్ణి. పోతే ఫ్లోరెస్మీరో నా మాట వింటాడా? నవ్వుతాడు. నువ్వు చెబితే వింటాడు. అందుకే నీ గుమ్మం తొక్కాను, వేరే పని లేక కాదు."

మోటార్‌సైకిల్ కంచరగాడిదల బాట పట్టింది. రోడ్డు కంటే సగం దూరం, రోడ్డు కంటే రెండింతలు చావు. వెనక చక్రం బురదలో పక్కకి పోతోంది. ఎరిబెర్తో సెగుండో నడుం పట్టుకోలేదు, సీటు కింద ఇనుప కమ్మీ పట్టుకున్నాడు. వేళ్లు తిమ్మిరెక్కాయి. టిఫిన్ ఇరవై నిమిషాలు. ఫ్లోరెస్మీరో తిండిపోతు, ఒక్కోసారి అరగంట. వానరోజు తొందరపడితే పది. నిదియా దిగి ఉంటుందా? కాళ్లు అట్లా ఉంటే దిగదు. నర్సు మధ్యాహ్నం లోపల అంది. లోయలోకి దిగితే మధ్యాహ్నం కాదు, రాత్రి.

ఈ లెక్కల మధ్యలో ఇంకొకటి దూరుతోంది, నెట్టినా పోవడం లేదు. ఆ రోజు పేజీ ఎన్నిసార్లు తెరిచాను? రొసాల్బా తల భుజం మీద ఉంది. ఒక చేత్తో తెరిచాను. ఒక్కసారి. ఒక్కసారే.

వాగు దగ్గర బండి ఆగిపోయింది. సెగుండో దిగి తోశాడు, ఎరిబెర్తో తోశాడు. నీళ్లు మోకాలి దాకా.

"అందుతుందంటావా?" ఎరిబెర్తో అడిగాడు.

"తొయ్యి," అన్నాడు సెగుండో.

లా ఓర్కేతా చేరేసరికి బస్సు ఇంజను ఆడుతోంది. ముందు చక్రాలు కొత్త దారి వైపు తిరిగి ఉన్నాయి. ఫ్లోరెస్మీరో చేతిలో బెల్లం నీళ్ల గ్లాసు పట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చోబోతున్నాడు. సెగుండో బండిని అడ్డంగా పెట్టేసి దూకాడు.

"దిగొద్దు లోయలోకి! నాలుగింటికి చరియ పడింది!"

ఫ్లోరెస్మీరో కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఎవరదీ, మన రేపటి సెగుండోనా? ఈసారి ఇవాళే వచ్చావే! ఆరోగ్యం బాగుందా?"

బస్సులో నవ్వులు. వెనక సీటు నుంచి ఎవరో, "నిన్న పడిందేమో, కనుక్కోరాదూ," అన్నారు. ఇంకా నవ్వులు.

"నవ్వండి. నవ్వుకుంటూ పాత దారిలో పొండి," అన్నాడు సెగుండో.

"పాత దారంటే పట్నం పన్నెండింటికి. నాకు తిరుగు ట్రిప్పుంది. ఇదిగో పేజీ." ఫ్లోరెస్మీరో ఫోన్ తిప్పి చూపించాడు. ఆకుపచ్చ. "అందరూ తీయండయ్యా. ఎవరికైనా ఎరుపుందా?"

ఒక్కొక్కరే తీశారు. కిటికీల వెంట ఆకుపచ్చ కొండలు. ఇక్కడ సిగ్నల్ లేదు. పొద్దున తెరిచింది మూయకుండా పైకి తీసినవాళ్లకీ, ఇవాళ మొదటిసారి ఇక్కడే తెరిచినవాళ్లకీ ఆకుపచ్చే వస్తుంది. ఇరవై మంది చేతుల్లో తన బొమ్మ. ఎంత అందంగా గీశాడో.

"దోన్ ఎరిబెర్తో, మీరు చెప్పండి," అన్నాడు ఫ్లోరెస్మీరో. మర్యాదగానే అన్నాడు. "మీ పేజీ తప్పా, ఈయన తప్పా?"

మూడో కిటికీలో నిదియా ఉంది. మొహం ఉబ్బి, పెదాలు తెల్లగా. "నాన్నా? నువ్వెందుకొచ్చావు?"

సిగ్నల్ ఆలస్యం అని ఇక్కడా చెప్పొచ్చు. చరియ సంగతి రేడియోలో నేనే విన్నానని చెప్పొచ్చు. బస్సు తిరుగుతుంది. పని అయిపోతుంది. నోరు తెరిచాడు కూడా.

"రేడియోలో—" అన్నాడు.

"రేడియో ఎవరిది, సెగుండోదేగా!" వెనక సీటు గొంతు. "ఆ రేడియో నమ్మే మీ ఆవిడ పోయింది, దోన్ ఎరిబెర్తో. మళ్లీ మీరే నమ్ముతారా?"

"పేజీ పచ్చగా ఉంటే పచ్చే," ఫ్లోరెస్మీరో గేరు మీద చెయ్యి వేశాడు. "మీరు కట్టింది, మీరే చెప్పారు సభలో. పేజీ తప్పు చూపించదు అన్నారు. నేనక్కడే ఉన్నాను. సెగుండో, బండి తియ్యి."

మూడేళ్లుగా తాను ఊరికి నేర్పిన పాఠం అది. బాగా నేర్చుకున్నారు.

"పేజీ తప్పు," అన్నాడు ఎరిబెర్తో.

ఇంజను చప్పుడులో ఎవరికీ వినపడలేదు. బస్సు ముందుకొచ్చి, అద్దం మీద రెండు చేతులూ వేశాడు.

"ఇంజను ఆపు! పేజీ తప్పు. నేను తప్పు కట్టాను. మొదటిసారి తెరిస్తే పాత రంగు చూపిస్తుంది. రెండోసారి తెరిస్తేనే నిజం. అది కూడా సిగ్నల్ ఉన్న చోట. మీరు పొద్దున చూసింది నిన్నటి దారి. సెగుండో నాలుగూ పదికి ఎరుపు చేశాడు. నేను చూశాను."

ఇంజను ఆగింది. వాన చప్పుడొక్కటే మిగిలింది.

"ఎప్పట్నించి ఇట్లా?" ఫ్లోరెస్మీరో అడిగాడు.

ఎరిబెర్తో అతని వైపు చూడలేదు. మూడో కిటికీ వైపు చూశాడు. నిదియా తనవైపే చూస్తోంది. ఆమెకి తెలిసిపోయింది. అయినా అడిగింది.

"ఆ రోజు కూడానా?"

"ఆ రోజు కూడా."

"సెగుండో మామయ్య అయిదింటికే పెట్టాడా?"

"పెట్టే ఉంటాడు. నేను ఒక్కసారే తెరిచాను."

ఎవరూ నవ్వలేదు. నిదియా కిటికీ అద్దం పైకి లాగింది. ఆవిరి పట్టిన అద్దం వెనక ఆమె మొహం మసకైపోయింది. ఫ్లోరెస్మీరో గ్లాసులో నీళ్లు బయటికి పారబోసి, చక్రం తిప్పాడు. బస్సు వెనక్కి జరిగి, పాత దారి పట్టి, మలుపులో కనపడకుండా పోయింది. అప్పటికి ఏడున్నర.

సెగుండో బండి దగ్గరే నిలబడి ఉన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నా పెళ్లాం నమ్మలేదు. అది సరే. నేనూ నమ్మలేదు. ఆ పొద్దున నొక్కానా, నొక్కాననుకున్నానా అని మూడేళ్లు నా వేళ్లకేసి చూసుకున్నాను. రొసాల్బాని నేనే చంపానని చర్చిలో ఒప్పుకున్నాను కూడా. ఫాదర్ క్షమించాడు నన్ను." ఉమ్మేశాడు. "చెయ్యని పాపానికి."

"సెగుండో—"

"నాతో మాట్లాడకు. ఇంటి దగ్గర సిగ్నల్ అన్నావు చూడు. గుమ్మంలోనే తెలుసు నీకు. ఇక్కడ గతిలేక చెప్పావు."

నిజమే.

సెగుండో బండి ఎక్కి స్టార్టు చేశాడు. పోలేదు. "తొమ్మిదింటికి ఇంకో బస్సుంది. వాళ్లూ పచ్చ చూసే ఎక్కుతారు. ఎక్కు."

ఊరు చేరేసరికి ఎనిమిదింబావు. ఎరిబెర్తో తడిబట్టలతోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ నాలుగు వరుసలు కొట్టేశాడు. ఇకమీద కొత్తది వచ్చేదాకా ఏ రంగూ చూపించకూడదు. అయినా లాభం లేదు. ఊళ్లోవాళ్ల ఫోన్లలో దాగి ఉన్న పాత పేజీ ఈ సంగతి కూడా రెండోసారి తెరిచేదాకా తెలుసుకోదు. తన పనితనం తనకే అడ్డం పడింది. ఇక్కడ కూర్చుని సరిచెయ్యగలిగింది కాదు. ఒక్కొక్క ఫోను ఒక్కొక్క చేతిలో సరికావాలి.

బస్టాండుకి నడిచాడు. తొమ్మిదింటి బస్సు సగం నిండింది. మొదటి సీట్లో ఉల్లిపాయల బుట్టతో సోయిలా అనే ముసలావిడ.

"అమ్మా, దారి పేజీ ఒకసారి తెరవండి."

"చూశానయ్యా. పచ్చగా ఉంది. బొమ్మ ఎంత ముద్దుగా ఉంటుందో."

"మూసి మళ్లీ తెరవండి."

తెరిచింది. ఎర్రబడింది. ఆవిడ ఫోన్ దూరంగా పట్టుకుని చూసింది. "అయ్యో దేవుడా. మరి ముందు పచ్చగా ఎందుకు చూపించింది?"

"నేను అట్లా కట్టాను."

"కట్టడమేంటి? ఎప్పట్నించి?"

"మొదట్నించి."

ఆవిడ లెక్క కట్టుకుంటున్నట్టు అతని మొహం చూసింది. పెదాలు కదిలాయి. "మరి ఆ సెగుండోని..."

"అవును," అని పక్క సీటుకి జరిగాడు.

డ్రైవరు పాత దారిలో పోతానని ఒప్పుకున్నాడు. తర్వాత పదకొండింటి బస్సు. అందులో ఒకాయన ఫోన్ ఇవ్వలేదు. "నీ చేతికివ్వను. ఎట్లా తెరవాలో చెప్పు, నేనే తెరుచుకుంటాను," అన్నాడు. చెప్పాడు. ఇంకొకావిడ విని, బుట్ట తీసుకుని అతనికి దూరంగా వెనక సీటుకి పోయి కూర్చుంది. ప్రతి ఒక్కరూ అదే అడిగారు, ఎప్పట్నించి అని. ప్రతి ఒక్కరికీ అదే చెప్పాడు. మధ్యమధ్యలో తన ఫోన్ తీసి చూసుకున్నాడు. పన్నెండు దాటింది. ఏమీ రాలేదు. పన్నెండుంబావు.

పన్నెండున్నరకి, ఒంటిగంట బస్సులో రెండో వరస దగ్గర ఉండగా మరదలి నుంచి కబురొచ్చింది. "చేరాం. లోపలికి తీసుకెళ్లారు. బిడ్డ గుండె కొట్టుకుంటోందన్నారు. సాయంత్రం కోసి తీస్తారట."

ఎరిబెర్తో సీటు వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత రాశాడు: "నిదియా నాకేమైనా చెప్పమందా?"

జవాబు రావడానికి కొంచెం పట్టింది.

"ఏమీ చెప్పలేదు. సెగుండో నంబరు అడిగింది. ఇచ్చాను."

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్నామె అతన్నే చూస్తోంది, ఏం కావాలన్నట్టు.

"దారి పేజీ ఒకసారి తెరవండమ్మా," అన్నాడు.